చుట్టుకొలతలో ఎవరి వాటా ఎంత?

చెట్టును కొలిచే టేపుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలుది. మాను చుట్టూ తిప్పితే చుట్టుకొలత చెబుతుంది. రెండోదాని మీద గీతలు చూస్తే తయారుచేసినవాడు తప్పు చేశాడేమో అనిపిస్తుంది. ఒకటి అని అచ్చువేసిన గీత దగ్గర మామూలు స్కేలు పెట్టి చూడండి, 3.14 సెంటీమీటర్లుంటుంది. పది అని ఉన్నచోట 31.4 ఉంటుంది. తప్పేమీ లేదు. చుట్టింది చుట్టుకొలతనే అయినా, టేపు చెప్పేది వ్యాసం. భాగహారం మనం చేయక్కర్లేకుండా గీతలు వేసేటప్పుడే చేసేశారు.

అడవిలో దీని అవసరం ఒక్క పూట తిరిగితే తెలుస్తుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నిలబడ్డ మనిషి ఛాతీ దగ్గర, తీగలూ నాచూ తీసేసి టేపు తిప్పాలి. గుట్టవాలులో ఉన్న చెట్టయితే ఎగువ వైపు నేల నుంచి ఆ ఎత్తు చూసుకోవాలి. చుట్టుకొలత చేతికందుతుంది. వ్యాసం మాత్రం చెట్టు కడుపులో ఉంటుంది. పైగా ఏ చెట్టూ నిండు గుండ్రంగా పెరగదు, ఈ వైపు నుంచి చూస్తే ఒక మందం, ఆ వైపు నుంచి ఇంకో మందం. అందుకే చుట్టూ కొలిచి లోపలికి లెక్కగట్టడమే నమ్మకమైన దారి. ఆ దారికి కావలసిన సంఖ్య పై.

వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే ఎప్పుడూ వచ్చే ఆ మూడూ చిల్లర గురించి రాసేవాళ్లు గ్రీకుల దగ్గర మొదలుపెట్టి కంప్యూటర్ల దగ్గర ముగించడం అలవాటు. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున నిలబడితే నాకు ఆ కథ వేరే ప్రశ్నతో మొదలవుతుంది. మూడు పోగా మిగిలిన ఆ చిల్లర ఎవరి చేతికి పోయింది?

టేకు దుంగ సంగతి చూద్దాం. మన దేశంలో కలప లావాదేవీల్లో చాలాకాలంగా నడిచిన పద్ధతి ఒకటుంది. దుంగ నడుమ చుట్టుకొలత తీసుకుని దాన్ని నాలుగుతో భాగిస్తారు, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తారు. క్వార్టర్ గర్త్ లెక్క అంటారు. చుట్టుకొలత 120 సెంటీమీటర్లు, పొడవు 3 మీటర్లు ఉన్న దుంగ అనుకోండి. నాలుగో వంతు 30 సెంటీమీటర్లు. 0.3 ఇంటూ 0.3 ఇంటూ 3, అంటే 0.27 ఘనపు మీటర్లు. చదువు తక్కువైనవాడు కూడా నోటితో కట్టేయగలడు. కానీ గుండ్రటి దుంగలో అసలు ఉన్న కలప 0.344 ఘనపు మీటర్లు. తేడా నూటికి ఇరవై ఒకటిన్నర. ఇది ఒక్క దుంగలో వచ్చే పొరపాటు కాదు. సన్నదైనా లావైనా, పొట్టిదైనా పొడుగైనా, గుండ్రంగా ఉన్న ప్రతి దుంగలోనూ సరిగ్గా ఇంతే పోతుంది. ఎందుకంటే ఆ లెక్క ఇచ్చేది అసలు పరిమాణంలో పైలో నాలుగో వంతు, అంటే 0.785.

కొనేవాడి దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. దుంగను సామిల్లులో పెట్టి నాలుగు పక్కలా చెక్కేస్తే బెరడూ పక్కచెక్కలూ రంపపు పొట్టూ పోతాయి, వాటికి డబ్బెందుకివ్వాలంటాడు. అది నిజమే. ఆ దుంగ వ్యాసం 38 సెంటీమీటర్లు. అందులోంచి తీయగల పెద్ద చదరపు దూలం భుజం 27 సెంటీమీటర్లే, 30 కాదు. ఆ లెక్కన కొనేవాడే నష్టపోతున్నానని వాదించవచ్చు. అమ్మేవాడు మాత్రం పక్కచెక్కలు పారేస్తున్నారా, అవీ అమ్ముకుంటున్నారు కదా అంటాడు. ఈ బేరం తెగేది కాదు. కానీ ఒకటి గమనించాలి. ఇది తెలియక జరిగిన తప్పు కాదు. పైని పక్కనపెట్టి, ఎంత పక్కనపెట్టాలో ముందే ఒప్పుకుని రాసుకున్న సూత్రం.

దాన్ని పుస్తకంలో పెట్టి జనంలోకి తెచ్చినవాడు ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లండు దేశస్థుడు. కలప కొలతల పట్టికలతో ఆయన పుస్తకం 1736లో వచ్చింది. ఆ పట్టికలే బ్రిటిష్ పాలన వెంట వలస దేశాల అడవులన్నిటికీ ప్రయాణించాయి. విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ ఏడాదే ఆయిలర్ తన యంత్రశాస్త్ర గ్రంథంలో ఈ సంఖ్యకు పై అనే గ్రీకు అక్షరం వాడాడు. ఆ గుర్తు ఆయన సొంతం కాదు. 1706లో విలియం జోన్స్ అనే వేల్స్ లెక్కల మాస్టారు మొదట వాడాడు. ఆయిలర్ చేతిలో పడ్డాక లోకమంతా అందుకుంది. ఒకే సంవత్సరంలో ఒక పుస్తకం పైకి స్థిరమైన గుర్తు ఇచ్చింది, ఇంకో పుస్తకం పై అవసరం లేకుండా దుంగలు కొలవడం నేర్పింది. మన అడవికి ముందు చేరింది రెండోదే.

ఇప్పుడు ఈ వైపు పొలాల్లో కనిపించే జామాయిలుకు ఆ గొడవ లేదు. సారపాకలో 1979లో మొదలైన కాగితం మిల్లు చుట్టూ జామాయిలు, సుబాబుల్ సాగు పెరిగింది. భద్రాచలం క్లోన్లు అనే పేరే ఏర్పడింది. ఆ కర్ర వేబ్రిడ్జి మీద టన్నుల్లో తూగుతుంది. కాటా దగ్గర తేమ గురించి కొట్లాడుకుంటారు గానీ చుట్టుకొలత గురించి కాదు. టేకు దగ్గరికొచ్చేసరికే టేపు మళ్లీ బయటికొస్తుంది.

దుంగలో లెక్క తగ్గిపోతే, ధాన్యం రాశిలో పెరిగింది. ఇది ఇంకా పాత కథ. 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యులు కల్లంలో రాశి పోసిన ధాన్యాన్ని కుండతో కొలవకుండానే అంచనా కట్టే పద్ధతి చెప్పారు. రాశి అడుగున చుట్టూ తాడు తిప్పాలి. ముతక ధాన్యమైతే ఆ చుట్టుకొలతలో పదో వంతు, సన్నదైతే పదకొండో వంతు, మీసాలున్న ధాన్యమైతే తొమ్మిదో వంతు రాశి ఎత్తనుకోవాలి. తర్వాత చుట్టుకొలతలో ఆరో వంతును దానితోనే గుణించి, ఎత్తుతో హెచ్చించాలి. వచ్చింది ఘనపు మూరల్లో ధాన్యం. ఎత్తు కొలవడానికి రాశి ఎక్కక్కర్లేదు. ఒక్క తాడుతో పనైపోతుంది. గింజ గరుకుదనాన్ని బట్టి రాశి ఎంత నిటారుగా నిలుస్తుందో మారుతుందన్న సంగతి ఆ వంతుల్లోనే ఇమిడి ఉంది. దీన్ని కనిపెట్టినవాడెవడో కల్లంలో చాలా కాలం కూర్చున్నవాడే అయ్యుంటాడు.

18 మూరల చుట్టుకొలత ఉన్న మీసాల ధాన్యం రాశి తీసుకోండి. ఎత్తు రెండు మూరలు. ఆరో వంతు మూడు. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది రెళ్లు పద్దెనిమిది ఘనపు మూరలు. నేటి పైతో కడితే 17.2 మాత్రమే. ఆరో వంతు అనే ఆ మాటలో పై విలువ మూడని దాగి ఉంది. పై తగ్గించి రాస్తే ఇక్కడ ధాన్యం పెరుగుతుంది, ఎందుకంటే చుట్టుకొలత నుంచి లోపలికి వెళ్లేటప్పుడు పై కింద భాగహారంలో పడుతుంది. రాశిని చూసి వాటా తీసుకునేవాడు ఈ తాడు పట్టుకుంటే, లేని ధాన్యానికి కూడా రైతు వాటా కట్టాలి. నూరు కుండలకు దాదాపు ఐదు. భాస్కరుడికి అసలు విలువ తెలియదా అంటే బాగా తెలుసు. అదే లీలావతిలో స్థూలానికి 22/7, సూక్ష్మానికి 3927/1250 అని ఇచ్చారు. రెండోది 3.1416. తెలిసీ కల్లానికి మూడు చాలన్నారు. తాడు వంకర, రాశి వంకర, అంచనా ఎత్తు. వాటి ముందు పై నాలుగో దశాంశం దేనికి? నాకు ఆయన మాట సబబుగానే తోస్తుంది. రైతు వైపు నిలబడి అడిగితే జవాబు వేరుగా ఉండవచ్చు.

ఈ స్థూలం, సూక్ష్మం అనే రెండు కొలతల పద్ధతి తెలుగులోకి భాస్కరుడి కంటే ముందే వచ్చింది. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. జైనుడు, కన్నడ దేశం వాడు. వృత్తానికి ఆయన ఇచ్చిన విలువలు కూడా రెండు. పనికి మూడు, నిక్కచ్చిగా కావాలంటే పదికి వర్గమూలం, అంటే 3.162. ఆర్యభటుడు 499 నాటికే 3.1416 చెప్పి ఉండగా మహావీరుడు దానికన్నా మొరటు విలువ ఎందుకు పట్టుకున్నాడంటే, జైన గ్రంథాల సంప్రదాయం అది. ఆ పుస్తకాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన 11వ శతాబ్దం వాడని, రాజరాజనరేంద్రుడి కాలానికి చెందినవాడని ఎక్కువమంది పండితుల మాట. అంటే నన్నయ భారతం తెనిగిస్తున్న రోజుల్లోనే లెక్కల పుస్తకమూ తెలుగైంది. తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా దాన్ని చెప్పుకుంటాం. పావులూరి గణితం అన్న పేరుతో కరణాల ఇళ్లలో తరతరాలు చదివారు. పొలం కొలవాలన్నా, వడ్డీ కట్టాలన్నా, బంగారం వన్నె చూడాలన్నా అదే పుస్తకం.

లెక్కతోనే పని లేనివాడు కూడా ఉన్నాడు, కమ్మరి. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం చూసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోతున్నారు. చక్రం చుట్టూ కొలిచి, పట్టాను దానికన్నా కావాలనే కాస్త తక్కువగా కోసి అతుకుతారు. మామూలుగా పెడితే ఎక్కదు. పిడకలూ కర్రలూ పేర్చి పట్టాను ఎర్రగా కాలుస్తారు. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద వేసి, సుత్తులతో సర్ది, వెంటనే నీళ్లు కుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుని ఆకులన్నిటినీ లోపలికి బిగిస్తుంది. ఒకటిన్నర మీటర్ల చక్రానికి చుట్టుకొలత 4.7 మీటర్లు. ఐదు వందల డిగ్రీలు వేడెక్కితే పట్టా సుమారు 28 మిల్లీమీటర్లు సాగుతుంది. కానీ పట్టా వ్యాసం పెరిగేది అందులో మూడో వంతు, 9 మిల్లీమీటర్లే. తక్కువ కోసింది పోగా మిగిలిన సందులోనే పని అయిపోవాలి. పట్టా ఎంత తక్కువ కోయాలో కమ్మరికి చెయ్యి చెబుతుంది. పైతో ఆయనకు పనే లేదు, ఎందుకంటే ఆయన కొలిచేది చుట్టుకొలత, చేసేదీ చుట్టుకొలతే.

దీన్నిబట్టి నాకు తోచేది ఒకటి. తాడు అందినంత వరకూ మనిషి పై గురించి పట్టించుకోలేదు. తాడు అందనిచోటే దాని వెంట పడ్డాడు. ఆకాశంలో గ్రహం తిరిగే దారికి తాడు చుట్టలేం. భూమికీ చుట్టలేం.

భూమి కొలత కథ ఈ అడవుల్ని తాకుతూ పోయింది కూడా. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రిభుజాల సర్వే హైదరాబాదు చేరింది. ఆయనకు సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ వచ్చాడు. ఎత్తైన శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ ఎవరెస్టే. 1819లో ఆయన్ను కృష్ణా గోదావరుల మధ్య దట్టమైన అడవిలోకి పంపారు. గుట్టల మీద చెట్లు నరికించి, జెండాలు నిలబెట్టి, కోణాలు చదవడం పని. వానాకాలం అడవి చలిజ్వరం ఆయన్నీ ఆయన మనుషులనూ పడేసింది. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ సర్వేకు కావలసింది భూగోళం మీద ఒక డిగ్రీ ఎంత దూరం అన్న లెక్క. ఆ దూరం తెలిస్తే చుట్టుకొలత, దాన్నుంచి భూమి లోపలి కొలత. ఇక్కడ పై విలువ మూడన్నా, పదికి వర్గమూలమన్నా పనికిరాదు. తేడా కుండల్లో కాదు, మైళ్లలో వస్తుంది.

ఆర్యభటుడికి ఈ తేడా తెలుసు. 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత 62,832 అని చెబుతూ, అది దగ్గరి విలువే అని కూడా అన్నాడు. వెయ్యేళ్ల తర్వాత కేరళలో నీలకంఠ సోమయాజి ఆ మాటకు వ్యాఖ్యానం రాస్తూ కారణం వివరించాడు. ఏ కొలబద్దతో వ్యాసం మిగులు లేకుండా తూగుతుందో, దానితో చుట్టుకొలత తూగదు. దాన్ని చీల్చి ఎంత చిన్న కొలబద్ద చేసినా మిగులు చిన్నదవుతుంది తప్ప పోదు. అది 16వ శతాబ్దం తొలినాళ్ల మాట. ఐరోపాలో లాంబెర్ట్ దాన్ని నిరూపించింది 1760ల్లో. నీలకంఠుడిది నిరూపణ కాదు, కానీ సంగతి అతనికి అర్థమైంది.

నీలకంఠుడి గురుపరంపరకు మూలపురుషుడు సంగమగ్రామ మాధవుడు. 14వ శతాబ్దం నడిమి నుంచి 15వ శతాబ్దం తొలి పాతికేళ్ల దాకా బతికాడు. పై వెనుక ఉన్న దారి కనిపెట్టింది ఆయన. నాలుగు తీసుకోండి, అందులోంచి నాలుగులో మూడో వంతు తీసెయ్యండి, ఐదో వంతు కలపండి, ఏడో వంతు తీసెయ్యండి, తొమ్మిదో వంతు కలపండి. ఇలా బేసి సంఖ్యలతో పోతూ ఉంటే పై వస్తుంది. అందం ఉంది గానీ నడక మరీ నెమ్మది. పది మెట్లు నడిస్తే 3.0418 వస్తుంది. కల్లంలో కొలిచే మూడు కంటే గొప్పేం కాదు. వెయ్యి మెట్లు నడిచినా మూడో దశాంశం దగ్గరే తచ్చాడుతుంది. ఇక్కడే మాధవుడి పరంపర చేసిన పని నాకు అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఎంత మిగిలిందో అంచనా కట్టే సవరణ ఒకటి చెప్పారు. పది మెట్ల దగ్గర ఆగి ఆ సవరణ కలిపితే 0.09975, మొత్తం 3.1415927. ఏడు దశాంశాలు సరిపోతాయి. పది కూడికలూ తీసివేతలూ, ఒక సవరణ, అంతే. పోయేదాన్ని పోనివ్వకుండా, ఎంత పోతోందో కూడా లెక్కగట్టడం ఇది. మాధవుడు ఇచ్చిన పై విలువ దశాంశం తర్వాత పదకొండు అంకెల దాకా సరైనది.

ఈ సంగతి బయటి లోకానికి చెప్పినవాడు కడపలో చనిపోయాడని మనలో ఎంతమందికి తెలుసు? చార్లెస్ విష్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు ఉద్యోగి. మలబారులో పనిచేసే రోజుల్లో అక్కడి జ్యోతిష పండితులతో స్నేహం చేశాడు. తాళపత్రాలు సేకరించాడు. తంత్రసంగ్రహం, యుక్తిభాష, కరణపద్ధతి, సద్రత్నమాల అనే నాలుగు గ్రంథాల్లో ఈ శ్రేణులు చూసి నివ్వెరపోయాడు. తోటి కంపెనీ అధికారులు నమ్మలేదు. ఐరోపావాళ్లెవరో ఈ మధ్య చెప్పి ఉంటారు, పండితులు తమదని రాసుకున్నారన్నాడు హైన్ అనే ఉద్యోగి. జాన్ వారెన్ 1825లో మద్రాసులో అచ్చేసిన కాలసంకలిత గ్రంథంలో ఈ వాదన నమోదైంది. దక్షిణాది పంచాంగాలు ఎలా కడతారో వివరించే పుస్తకం అది, మన తెలుగు పంచాంగం లెక్క కూడా అందులో ఉంది. విష్ కొన్నాళ్లు వెనక్కి తగ్గినా, చివరకు ఆధారాలన్నీ పేర్చి వ్యాసం రాశాడు. 1832 డిసెంబరులో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీలో దాన్ని చదివారు. అది అచ్చులో రాకముందే, 1833 ఏప్రిల్ 14న, ముప్పై ఎనిమిదేళ్లకు విష్ కడపలో కన్నుమూశాడు. ఆయన తాళపత్రాలను సోదరుడు 1836లో అదే సొసైటీకి అప్పగించాడు.

కడప అనగానే మనకు సి.పి. బ్రౌన్ గుర్తొస్తాడు. ఆయన ఇంటి చోట గ్రంథాలయం లేచింది, మంచి పని. అదే కంపెనీలో, అదే కాలంలో, అదే ఊళ్లో ఉద్యోగం చేసి పోయిన విష్‌ను తలచుకున్నవాళ్లు అరుదు. ఆయన వ్యాసం కూడా అలాగే నూరేళ్లకు పైగా అరలో పడి ఉంది. 1940ల్లో సి.టి. రాజగోపాల్, ముకుంద మారార్ వంటివాళ్లు మలయాళ సంస్కృత మూలాలు తిరగేసి, విష్ చెప్పింది అక్షరాలా నిజమని చూపించాక గానీ మాధవుడి పేరు చరిత్ర పుస్తకాల్లో నిలబడలేదు.

పై కథలో తెలుగు నేల మళ్లీ కనిపించేది గుత్తిలో, తర్వాత నెల్లూరులో. గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1906 చివర్లో దేశంలోని లెక్కల అభిమానులకు ఉత్తరాలు రాశాడు. దాన్నుంచి 1907లో పుట్టిందే ఇండియన్ మేథమెటికల్ సొసైటీ. 1910లో ఆయన తిరుక్కోయిలూరులో ఉండగా ఒక బక్కపలచని కుర్రవాడు నోటుపుస్తకం పట్టుకొచ్చి గుమాస్తా ఉద్యోగం అడిగాడు. ఆ పుస్తకం చూశాక రామానుజన్‌ను గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టడానికి రామస్వామి అయ్యర్‌కు మనసు రాలేదు. ఆయన రాసిచ్చిన సిఫారసులు చేతులు మారి చివరకు ఆర్. రామచంద్రరావు దగ్గరికి చేరాయి. ఆయన అప్పుడు నెల్లూరు కలెక్టరు, స్వయంగా లెక్కల మనిషి. రామానుజన్‌కు నెలకు ఇరవై ఐదు రూపాయలు తన జేబులోంచి ఇచ్చాడు. తిండికి లోటు లేకుండా లెక్కలు చేసుకోవడానికి.

1913లో ఆ సొసైటీ పత్రికలోనే రామానుజన్ ఒక చిన్న నోటు అచ్చేశాడు. వృత్తానికి సమానమైన చతురస్రాన్ని స్కేలూ కంపాసుతో గీయడం ఎలాగన్నది అందులో విషయం. నిక్కచ్చిగా గీయడం కుదరదని 1882లోనే లిండెమాన్ తేల్చేశాడు. రామానుజన్ గీసింది 355/113 విలువతో. అది ఎంత దగ్గరిదో చెప్పడానికి ఆయన దశాంశాలు ఏకరువు పెట్టలేదు. వృత్తం వైశాల్యం 1,40,000 చదరపు మైళ్లయితే, వచ్చే భుజంలో తేడా అంగుళం ఉంటుందన్నాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2,75,000 చదరపు కిలోమీటర్లే. ఆ వృత్తం దాదాపు 3,63,000. రెండు రాష్ట్రాలనూ మింగి ఇంకా మిగిలే పొలానికి గట్టు వేస్తే ఒక పక్కన అంగుళం తేడా! కరణాలు సరిహద్దు తగాదాలు తీర్చిన దేశంలో పుట్టినవాడికే ఇలాంటి పోలిక తోస్తుందని నా అనుమానం.

మరుసటి ఏడాది ఇంగ్లండులో ఆయన అచ్చేసిన వ్యాసంలో పైకి పదిహేడు శ్రేణులున్నాయి. మాధవుడి శ్రేణి వెయ్యి మెట్లు నడిచి చేరేచోటుకు, వాటిలో ఒకటి మొదటి మెట్టులోనే చేరి దాటిపోతుంది. మెట్టుకు ఎనిమిది అంకెలు. 1985లో బిల్ గాస్పర్ కంప్యూటరులో దాన్నే వాడి కోటీ డెబ్బై లక్షలకు పైగా అంకెలు రాబట్టాడు. ఇప్పుడు లక్షల కోట్ల అంకెల్లో పందేలు జరుగుతున్నాయి. అంతరిక్ష నౌకలు నడిపే లెక్కలకు పదిహేను దశాంశాలు చాలు కాబట్టి, ఆ పందేల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

పండుగ మాటకొద్దాం. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాలలో పనిచేసే లారీ షా మార్చి 14ను పై రోజుగా మొదలుపెట్టాడు. అమెరికావాళ్లు నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు కాబట్టి 3-14. ఐన్‌స్టీన్ పుట్టినరోజూ అదే కావడం కలిసొచ్చింది. 2009లో అమెరికా ప్రతినిధుల సభ గుర్తించింది. 2019లో యునెస్కో దాన్ని అంతర్జాతీయ గణిత దినోత్సవం చేసింది. మనకు డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా ఉండనే ఉంది.

మార్చి 14 మన బళ్లకు కలిసిరాదు. పదో తరగతి పరీక్షల హడావుడి, ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యే వారం, భద్రాచలంలోనైతే నవమి కల్యాణానికి ఏర్పాట్లు. ఎవరికి తీరిక? పైగా మనం తేదీ ముందు రాస్తాం. ఆ లెక్కన మనకు దక్కేది జూలై 22. 22-7. మన పిల్లలు పైకి వాడే విలువే అది. పరీక్ష పేపర్లో 22/7గా తీసుకొమ్మని బ్రాకెట్లో ఇస్తారు గనుక పాఠ్యపుస్తకంలో వృత్తాలన్నీ 7, 14, 21 సెంటీమీటర్ల వ్యాసార్థాలతోనే పుడతాయి. అడవిలో ఒక్క చెట్టూ అలా పెరగదు. జూలైలో బడులు నిండుగా నడుస్తుంటాయి, మొక్కలు నాటే కాలం, పిల్లలు ఎలాగూ బయటే ఉంటారు. గోదావరి ఒప్పుకోవాలి, అదొక్కటే షరతు. 2022లో జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి ఏడాది ఆగస్టుకు జరుపుకుంటే ఎవరూ తప్పుపట్టరు.

లెక్కల మాస్టార్లకు ఒక మనవి. ఆ రోజు అంకెలు బట్టీపట్టే పోటీ పెట్టకండి. పిల్లలకు ఒక తాడిచ్చి బడి ఆవరణలో వేప మాను చుట్టూ తిప్పమనండి. క్వార్టర్ గర్త్ లెక్కతో ఒకసారి, 22/7తో ఒకసారి కలప ఎంతుందో కట్టించండి. తేడా ఎంత వచ్చిందో, కొనేవాడైతే ఏ లెక్క అడుగుతాడో, అమ్మేవాడైతే ఏది అడగాలో వాళ్లనే వాదించుకోనివ్వండి. పావులూరి మల్లన పేరు, కడపలో పోయిన విష్ పేరు, నెలకు ఇరవై ఐదు రూపాయలిచ్చిన నెల్లూరు కలెక్టరు పేరు బోర్డు మీద రాయండి. ఈ మూడూ ప్రస్తుతానికి మన గణితం వాచకాల్లో ఉండవలసినంత కనిపించవు.